గమనిక లేదు

గమనిక 1. జూన్ 3, సోమవారం

ఈ పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి గచ్చు మీద ఊట నీళ్ళు మడమ దాకా ఉన్నాయి. గోనెసంచి పరిచి, పిండి, మళ్ళీ పరిచి, ఎనిమిదింటికల్లా ఆరగొట్టాను. ఊట తోడే ఆరు పంపుల్లో నాలుగే తిరుగుతుంటే, సముద్రపు గోడ వెనక ఈ మెరక మీద ఎవరి గచ్చయినా ఇంతే. నాది యాభై ఎనిమిదేళ్ళ నడుము. తుడిచే మనిషిని ఇవ్వడానికి ప్రభుత్వానికి మనసొప్పదు గానీ నెలకో కట్ట ఫారాలు మాత్రం తప్పకుండా పంపుతుంది.

ఇది ఆఫీసు దినచర్య కాదు. ఆఫీసుది ఎరుకే రాసుకుంటుంది, నేను తుమ్మినా రాసుకుంటుంది. ఇది, పనివాళ్ళు ఏడాదికోసారి తమ పని ఎలా ఉందో చెప్పే వాంగ్మూలం ఫారాల అడుగున ఉండే గడిలో నా చేత్తో నేను రాసుకుంటున్నది. ఆ గడి మీద ‘సాక్షి గమనిక’ అని అచ్చేసి ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా, ఒక్కసారి తప్ప, అందులో నేను రాసినవి రెండే రెండు మాటలు. ఇవాళ్టి నుంచి ఇంకాస్త రాయాలనిపించింది. వాడకుండా మిగిలిన ఫారాలు బీరువా నిండా ఉన్నాయి, కాగితానికి కరువు లేదు.

ఇవాళ పత్రాలు చదివే రోజు. ఈ ఏడో మెరకలో ఈ ఏడు పదిహేడు నిండిన పిల్లలు పందొమ్మిది మంది. ఒక్కొక్కరినీ ఇంట్లోవాళ్ళతో సహా లోపలికి పిలవాలి, గోడకున్న పలక మీద ఎరుక పంపిన పత్రాన్ని పైకి చదవాలి, వేలిముద్ర వేయించుకోవాలి. ఎరుక అంటే ఏ పిల్లకి ఏ పని పొసుగుతుందో నూటికి ఇన్నని లెక్కగట్టే యంత్రం. జనం దాన్ని సోదెమ్మ అంటారు. సోదెమ్మ చెప్పింది కాదనే హక్కు ఎవరికైనా ఉంది. కాకపోతే కాదన్నవాళ్ళకి పని చీటీ రాదు, చీటీ లేనివాళ్ళకి బియ్యం రావు.

పదకొండో పిలుపుకి కొల్లాటి మంగతాయారు వచ్చింది, తల్లి శేషమ్మను వెంటబెట్టుకుని. ఈ తాయారు పదేళ్ళప్పటి నుంచీ మోటారు మస్తాన్ షెడ్డులోనే పెరిగింది. కాలిపోయిన మోటారు విప్పి, రాగితీగ ఎన్ని చుట్లుందో లెక్కపెట్టి, కొత్త తీగ చుట్టి, బిగించి తిప్పగలదు. మెరక మీద మస్తాన్ తరవాత ఆ పని వచ్చింది ఈ పిల్లకే. అందుకని పత్రం తెరవకముందే అందులో ఏముంటుందో నేను మనసులో చదివేసుకున్నాను. తెరిచి పైకి చదివింది మాత్రం ఇది.

గోడ మునక, పొసుగు తొంభై నాలుగు. మోటారు వైండింగ్, పొసుగు ముప్ఫై ఒకటి.

మునక అంటే సముద్రపు గోడ అడుక్కి దిగి, నీళ్ళలో ఉండి పగుళ్ళు పూడ్చడం. తాయారు నాన్న పోలయ్య ఆ పనే చేసి చేసి, రెండేళ్ళ కిందట నలభై నాలుగో ఏట పోయాడు.

"ఇంకోసారి సూడండి మేడం," అంది శేషమ్మ. "ఏరే పిల్లదేమో."

ఇంకోసారి చూశాను. పేరు, పుట్టిన తేదీ, కుడి బొటనవేలు, అన్నీ ఈ పిల్లవే.

తాయారు నవ్వింది. "సోదెమ్మకి కళ్ళజోడు కావాలి మేడం. మస్తాన్ మావయ్యది అడిగి తెస్తాను, ఒక పక్క పగిలింది, అయినా పనికొస్తది."

"నోర్ముయ్యవే," అంది శేషమ్మ. ఆమె నావైపు చూడలేదు, గోడకున్న పలకనే చూస్తూ కూర్చుంది.

ఇరవై నాలుగున పత్రాలకి ముద్ర పడుతుంది. ఆలోగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. వేలిముద్ర తీసుకోకుండానే ఇద్దరినీ ఇంటికి పంపేశాను.

గమనిక 2. జూన్ 4, మంగళవారం

ఎరుకనే అడిగాను. అది చాలా మర్యాదస్తురాలు, ‘సుగుణకుమారిగారూ’ అని తప్ప పిలవదు. మా ఆయన ముప్ఫై ఏళ్ళ కాపరంలో ఒక్కసారి కూడా అంత చక్కగా పిలవలేదు.

"ఆ పిల్లవి మోటారు చుట్టే చేతులు. నీళ్ళలోకి ఎలా పంపుతావు?" అన్నాను.

"చేతుల సంగతి మీరు చెప్పింది నిజమే. ఆ చేతులు రెండు పనులకీ సరిపోతాయి. తేడా ఆ పనులు చేసేవారి బతుకులో ఉంది. మునక పనివారి వాంగ్మూలాలు మూడు వందల పన్నెండు ఉన్నాయి. కష్టం చెప్పుకున్నవి ఒక్కటీ లేవు. వైండింగ్ వాంగ్మూలాలు ఎనిమిది. ఎనిమిదిలోనూ కష్టమే ఉంది. తెలిసి తెలిసి ఆ అమ్మాయిని బాధలోకి ఎలా పంపమంటారు?"

నవ్వొచ్చింది నాకు. ఆ ఎనిమిదీ ఒక్క మనిషివే, మస్తాన్‌వి. ఏడాదికొకసారి ఈ కుర్చీలో కూర్చుని ఆయన చెప్పేది నాకు కంఠతా వచ్చు. వీపు పోయింది, కళ్ళు పోయాయి, వార్నిషు కంపుకి అన్నం సయించదు, ఈ పని నా పగోడిక్కూడా వద్దు మేడం, రాసుకోండి. ముప్ఫై అయిదేళ్ళలో ఆ మనిషి షెడ్డు మూసిన రోజు లేదు. నిఖా రోజున కూడా భోజనాలయ్యాక వచ్చి తాళం తీశాడని చెప్పుకుంటారు. గొణుగుతూ ఉంటాడు, చేతులు మాత్రం తీగను పసిపిల్ల జుట్టులా సర్దుతుంటాయి. ఆయన ఆ పనిని ఎంత ప్రేమిస్తాడో మెరక మీద చంటిపిల్లలకి కూడా తెలుసు. ఎరుకకి తెలియదు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మూడు వందల పన్నెండు గుర్తొచ్చాయి.

నీళ్ళ మీద బతికేవాడు నీళ్ళని ఒక్క మాట అనడు. ఇది ఇక్కడివాళ్ళ కట్టుబాటు. చేపల వేటకి పోయిన రోజుల నుంచీ ఉంది, వేట పోయినా ఇది పోలేదు. ఇల్లు వదిలిన దగ్గర నుంచి ఇల్లు చేరేదాకా, ఆ మాటకొస్తే ఇంట్లో కూడా, నీళ్ళలో కష్టముందని నోటితో అనకూడదు. అంటే గంగమ్మ వింటుంది. ఎవరడిగినా ఒకటే జవాబు, ‘బానే ఉందమ్మా, తల్లి దయ.’

పోలయ్య ఆఖరి ఫారం వెతికి తీశాను. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. రెండు చెవుల్లోనూ దూది పెట్టుకొచ్చాడు. ప్రతి ప్రశ్నా మూడేసి సార్లు అరిచి అడగాల్సి వచ్చింది. మధ్యలో ఒకసారి దగ్గు తెర వస్తే బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పని ఎలా ఉందయ్యా అంటే నవ్వి, "బానే ఉందమ్మా, తల్లి దయ," అన్నాడు. ఎరుక ఆ మాట రాసుకుంది. అడుగున గడిలో నా చేతిరాత ఉంది. గమనిక లేదు.

ఎరుక రాకముందు నేను జూనియర్ కాలేజీలో పిల్లలకి దారి చెప్పేదాన్ని. ఏం చదవాలి, ఏ పనిలోకి వెళ్ళాలి అని నా గది ముందు వరస కట్టేవాళ్ళు. నాకు తెలిసిన సలహా ఒక్కటే. నీకు ఏ పని నచ్చిందో ఆ పని చేసేవాళ్ళింటికి పోయి ఒక పూట అన్నం తిని రా. కంచం ముందు కూర్చున్న మనిషి అబద్ధం చెప్పినా చెయ్యి చెప్పదు. ముద్ద ఎలా కలుపుతున్నాడో, ఆ ఇంటి ఇల్లాలు ఎటు చూస్తోందో చూసి రా. తరవాత ఎరుక వచ్చింది. ఎరుక ఎవరింట్లోనూ అన్నం తినలేదు. దాని తరఫున కళ్ళతో చూసి రాయడానికే ఈ గమనిక గడి పెట్టి, నన్ను సాక్షి అన్నారు.

మొదటి ఏడు ఒక్కసారి రాశాను. ఉప్పు మడుల్లో పనిచేసే ఒకాయన పాదాలు పుళ్ళుపడ్డాయని. విచారణ పేరుతో అతని చీటీ నాలుగు నెలలు ఆపేశారు. అతని భార్య వచ్చి ఈ గుమ్మంలో కూర్చుని నన్ను తిట్టని తిట్టు లేదు. విచారణకి నేను రెండు గంటలు పడవలో, పై ఆఫీసున్న పెద్ద మెరకకి పోయి, సాయంత్రం దాకా నిలబడి వచ్చాను. ఆ తరవాత ఇంకెప్పుడూ రాయలేదు. పాపం వాళ్ళ బియ్యం పోతాయి కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అదొక కారణం, బద్ధకం ఇంకో కారణం. రెండోదే పెద్దది.

గమనిక 3. జూన్ 8, శనివారం

అభ్యంతరానికి కావలసింది కొత్త వాంగ్మూలం. పనిచేసే మనిషే చెప్పాలి. పెళ్ళాం చెప్పినా పిల్లలు చెప్పినా చెల్లదు. ఒక్క మునకవాడు నిజం చెబితే చాలు, లెక్క మళ్ళీ వేస్తానని ఎరుక మాటిచ్చింది.

సాయంత్రం గోడ దగ్గరికి వెళ్ళాను. పాళీ దిగి వచ్చినవాళ్ళు మెట్ల మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. మాట్లాడుకున్నా వినపడేవాళ్ళు తక్కువ. వాళ్ళ మేస్త్రీ నూకరాజు పక్కన కూర్చుని సంగతంతా చెప్పాను. పోలయ్యతో ఇరవై ఏళ్ళు కలిసి దిగిన మనిషి. చివరిదాకా విన్నాడు.

"పోలయ్య కూతురంటే నా కూతురే మేడం. కానీ నేనా మాట అన్లేను."

"నీ కూతురే అయితే ఎందుకు అనలేవు?"

"రేపు పొద్దున మళ్ళీ దిగాలి. నాతో పదకొండు మంది దిగుతారు. నేనీ నోటితో అన్నాక రేపు ఎవుడికన్నా ఏదన్నా అయితే, ఆడి పెళ్ళానికి నేనేం సెప్పను?"

"ఏమీ అనకుండానే పోలయ్య పోయాడు కదయ్యా."

నూకరాజు నీళ్ళ వంక చూశాడు. "అందుకే ఇంకా బయ్యం," అన్నాడు. "అనకపోతేనే ఇలాగుంటే, అంటే ఎలాగుంటదో."

మిగతావాళ్ళు నన్ను చూసి లేచి, ఒకరి తరవాత ఒకరు దండం పెట్టి వెళ్ళిపోయారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం. ఇంత మంచి నోళ్ళు నేనెక్కడా చూడలేదు. ఒళ్ళు మండిపోయింది.

గమనిక 4. జూన్ 12, బుధవారం

రెండో దారి మస్తాన్. ఆయన ఒక్కసారి తన పనిని మెచ్చుకుంటే వైండింగ్ లెక్క మారుతుంది. ఇదేమంత కష్టం అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

షెడ్డులో మూడో పంపు మోటారు నేల మీద విప్పి ఉంది. సగం తీగ చుట్టి ఉంది, ఆ చుట్టినది తాయారు. ఆ పిల్ల ఒక మూల కూర్చుని తీగ కింద పెట్టే కాగితం ముక్కలు కత్తిరిస్తోంది. నేను ఎరుక వినే చేతి పలక మస్తాన్ ముందు పెట్టాను.

"మస్తాన్‌గారూ, ఈ పని ఎందుకు బాగుంటుందో ఒక్క మాట చెప్పండి చాలు."

"ఏం బాగుంటదండీ?" అన్నాడు.

"మావయ్యా," అంది తాయారు.

"సరే, సరే. ఉండు." గొంతు సవరించుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. "ఈ పని... మోటారు సచ్చిపోయి వస్తది. శవం లెక్క. విప్పుతాం. వీపు ఇరిగిపోద్ది, అది ఏరే సంగతి. కొత్త తీగ సుడతాం. యేళ్ళు తెగుతాయి. ఈ రాగి కూడా మునపటి రాగి కాదు, దొంగ రాగి. ఆ వార్నిషు సూడండి, ఇది వార్నిషా, బెల్లం పాకమా?"

"మావయ్యా."

"ఉండవే, వస్తన్నా. మళ్ళీ కరెంటు పెడితే తిరుగుద్ది." ఇక్కడ ఆగాడు. చెయ్యి మోటారు మీద పెట్టి నిమిరాడు. ఆ ముఖం చూసినవాళ్ళెవరికైనా సంగతి తెలిసిపోతుంది. నేను చేతి పలక ఇంకాస్త దగ్గరికి జరిపాను.

"తిరిగితే ఏంటండీ?" అన్నాడు చివరికి. "మళ్ళీ ఆర్నెల్లకి కాలిపోద్ది."

తాయారు తల పట్టుకుంది. ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మేడం, ఉన్న ఒక్క అన్నం పెట్టే పనిని నోటితో బాగుందంటే దిష్టి తగులుద్ది. మా నాయన ఒకసారి అన్నాడు. ఆ వారమే యేలు పోయింది. నన్ను తిట్టమనండి, ఎంతసేపైనా తిడతా."

చేతి పలక మీద అక్షరాలు వచ్చాయి. వైండింగ్ వాంగ్మూలాలు తొమ్మిది. కష్టం చెప్పుకున్నవి తొమ్మిది. పొసుగు ఇరవై ఎనిమిది.

గమనిక 5. జూన్ 15, శనివారం

తాయారు ఆఫీసుకి వచ్చింది. ఇంటి దగ్గర నీళ్ళ పీపా నింపి, తడి చేతులతోనే వచ్చినట్టుంది. వస్తూనే గోనెసంచి తీసుకుని నా గచ్చు తుడిచేసింది. వద్దంటే వినలేదు.

"మేడం, ఒక మాట అడగనా? మా నాన్న మీకు ఏం చెప్పాడు?"

ఫారం తీసి ఇచ్చాను. చదువుకుంది.

"బానే ఉంది, తల్లి దయ," అంది మెల్లిగా. "ఇంట్లో కూడా ఇదే చెప్పేవాడు. మీరు నమ్మారా?"

"లేదు," అన్నాను.

"మరి?"

ఆ పిల్ల కోపంగా అడగలేదు. కోపంగా అడిగితే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని. నాకు నోరు లేక కాదు. ఊరికే, తెలుసుకుందామన్నట్టు అడిగింది. ఎనిమిదేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

"ఊరుకోండి మేడం. గచ్చు ఇప్పుడే తుడిచాను," అంది తాయారు. తరవాత ఫారం నా బల్ల మీద పెట్టి, వేలితో ఆ గడి మీద తట్టింది. "నేనైతే చెప్తాను. నన్ను పంపితే పంపనీండి, మొదటి వాంగ్మూలంలోనే ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. గంగమ్మ వింటే విననీ. ఆవిడకి మాత్రం నిజం తెలియొద్దా?"

ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ పిల్లని నీళ్ళలోకి పంపితే గానీ మాకు నిజం తెలియదంటే, ఇక నేనెందుకు ఈ కుర్చీలో?

గమనిక 6. జూన్ 18, మంగళవారం

ఇవాళ చేశాను. నా గమనికలు అబద్ధమని తేలితే మునక ఫారాలు చెల్లవు, తాయారు తొంభై నాలుగు కూడా పోతుందని నా లెక్క. తలుపు గడియ పెట్టి, పలక ముందు నిలబడి చెప్పాను.

"మునక పనివాళ్ళ ఫారాల్లో గమనిక లేదని నేను రాసిన ప్రతిదీ అబద్ధం. నేను చూశాను. చెవుల్లో దూది చూశాను, దగ్గు విన్నాను, నలభై నిండకుండా ముసలివాళ్ళవడం చూశాను. చూసి రాయలేదు."

"ఇది మీ ఒప్పుకోలుగా నమోదు చెయ్యమంటారా, సుగుణకుమారిగారూ?"

"చెయ్యి."

"దీనికి పర్యవసానాలున్నాయి. చదివి వినిపించనా?"

"నా ఉద్యోగం పోతుంది. అంతేగా. ఆ మాత్రం నాకు తెలుసు."

"అంతే కాదు. సాయంత్రం అయిదింటి వరకు మీరు వెనక్కి తీసుకోవచ్చు," అంది ఎరుక.

పది నిమిషాల్లో పెద్ద మెరక నుంచి ప్రభాకరరావుగారు ఫోన్ చేశారు. ఆయన నా పై అధికారి, మంచివాడే, ఎప్పుడూ ఏదో ఒక నియమం నోట్లో నానుతూ ఉంటుంది.

"మేడం, తొందరపడకండి. రిటైర్‌మెంటు రెండేళ్ళలో పెట్టుకుని ఎందుకండీ ఇదంతా? వెనక్కి తీసుకోండి. అసలు పదిహేడో నియమం మీరు ఒకసారి..."

"ప్రభాకరరావుగారూ, ఇన్నేళ్ళూ నియమాలు విన్నాను. విని విని ఒక మనిషిని చంపాను. ఇక చాలు."

"అది కాదు మేడం, పూర్తిగా వినండి. పిల్లలకే..."

ఫోన్ పెట్టేశాను. మళ్ళీ మోగింది, తియ్యలేదు. మూడోసారి మోగితే తీగ పీకేశాను. అయిదింటి దాకా కుర్చీలో బిగుసుకుని కూర్చుని, అయిదు దాటాక ఇంటికి పోయి చారు పెట్టుకుని రెండుసార్లు అన్నం వడ్డించుకున్నాను. చాలా రోజుల తరవాత హాయిగా ఉంది.

గమనిక 7. జూన్ 19, బుధవారం

నీ కోపం నీ కొంప తీస్తుందే అనేది మా అమ్మ. నా కొంప తియ్యలేదు, పక్కవాళ్ళ కొంపలు తీసింది.

పదిహేడో నియమం ఇది. సాక్షి తన గమనికలు అబద్ధమని ఒప్పుకుంటే ఆ సాక్షి తీసుకున్న వాంగ్మూలాలన్నీ, ఏ పనివైనా సరే, పక్కన పెట్టేస్తారు. ఏడో మెరకలో నేను తప్ప వేరే సాక్షి ఏనాడూ లేడు. అంటే మా మెరక గురించి ఎరుకకి ఇప్పుడు ఏమీ తెలియదు. ఏమీ తెలియని చోట పిల్లలకి తల్లిదండ్రుల పనే ఇవ్వాలి, మళ్ళీ వాంగ్మూలాలు పోగయ్యేదాకా.

పందొమ్మిది పత్రాలూ మారి మళ్ళీ వచ్చాయి. ఆసుపత్రి పని వచ్చిందని వీధంతా చెప్పుకున్న పిల్లకి ఇప్పుడు ఉప్పు మడి వచ్చింది. తాయారు పత్రంలో ఈసారి తొంభై నాలుగు లేదు. ‘గోడ మునక. వారసత్వం,’ అని ఉంది.

ప్రభాకరరావుగారికి నేనే ఫోన్ చేశాను. వెనక్కి తీసుకునే వేళ దాటిపోయిందన్నారు. "నేను చెప్పబోయాను మేడం," అన్నారు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు కూడా లేదు. ఉంటే బాగుండేది.

గమనిక 8. జూన్ 24, సోమవారం

ముద్రలు పడ్డాయి. పందొమ్మిది కుటుంబాలూ వచ్చి వేలిముద్రలు వేసి వెళ్ళాయి. ఇద్దరు తల్లులు నన్ను శపించారు, ఒకాయన బల్ల మీద ఉమ్మేశాడు. తుడుచుకున్నాను. శేషమ్మ ఏమీ అనలేదు. కూతురి బొటనవేలు తానే పట్టుకుని పలక మీద ఆనించింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. క్షమించమని అడగడానికే వెళ్ళాను గానీ గుమ్మంలో ఆ మాట రాలేదు. తాయారు లేదు, మస్తాన్ షెడ్డులో చుట్టడం సగంలో ఆగిన మోటారు పూర్తి చేసి వస్తానని వెళ్ళిందట. రేపటి నుంచి గోడ దగ్గర నేర్చుకోవడానికి పోవాలి.

"కూర్చోండి మేడం. అన్నం తిని ఎల్లండి," అంది శేషమ్మ.

ఎండుచేపల పులుసు, రేషను బియ్యపు అన్నం. పోలయ్య బతికుండగా ఈ ఇంట్లో నేను ఒక్క పూట కూడా తినలేదు. రోజూ ఈ వీధి వెంటే నడిచి ఆఫీసుకి వెళ్ళేదాన్ని. మంచం మీద రెండు తలగడలున్నాయి. ఒకదాని గలీబు మీద రెండు పక్కలా గోధుమరంగు మరకలు, ఎన్నోసార్లు ఉతికి వెలిసిపోయినవి.

నేను చూడటం ఆమె చూసింది.

"చెవుల్లోంచి రగతం కారేది మేడం. పొద్దున్నే ఆయన లేవకుండా తీసి ఉతికేసేదాన్ని, ఆయనకి కనపడకూడదని. ఆయన చూసి, నాకు తెలవకూడదని ఇంకో పక్కకి తిప్పి పెట్టేవోడు. నాలుగేళ్ళు."

"ఈ మాట నాకు ఎందుకు చెప్పలేదు శేషమ్మా?"

"మీరడిగింది ఆయన్ని కదా." ఆమె నా కంచంలో ఇంకో గరిటె పులుసు పోసింది. "నన్నెవురడిగారు?"

అన్నం మొత్తం తిన్నాను. వదిలేస్తే ఆమెను అవమానించినట్టు అవుతుందని తిన్నాను. చెయ్యి కడుక్కుంటున్నప్పుడు కూడా క్షమించమనే మాట రాలేదు. వచ్చినా దానితో ఆమెకేం పని.

గమనిక 9. మరుసటి ఏడు, జూన్ 10, మంగళవారం

నన్ను తీసెయ్యలేదు. తీసేస్తే మళ్ళీ వాంగ్మూలాలు పోగుచేసే మనిషి లేదట. ఏడాదంతా అదే పని చేశాను. ఇళ్ళకి వెళ్ళాను, ఎక్కడ పెడితే అక్కడ తిన్నాను, చూసింది ఈ గడుల్లో రాసుకున్నాను. ఆఫీసుకి పంపే ఫారాలు వేరు, ఇవి వేరు. ఎందుకు వేరో చెబుతాను.

జనవరిలో కొత్త ఫారాలు వచ్చాయి. పది ప్రశ్నలూ అలాగే ఉన్నాయి, అడుగున సాక్షి గమనిక గడి లేదు. ఎరుకను అడిగాను. అన్ని మెరకల్లోనూ లెక్క చూశానంది. పోయిన జూన్ దాకా ఎనిమిదేళ్ళలో ఆ గడిలో సాక్షులెవరూ దాదాపు ఏమీ రాయలేదు కాబట్టి అనవసరమని తీసేశానంది. నా ఒక్కదానిదే పాపం అనుకున్నాను ఇన్నాళ్ళూ. తిలాపాపం తలా పిడికెడు.

పంపులు ఇప్పుడు మూడే తిరుగుతున్నాయి. ఆఫీసు గచ్చు ఆరగొట్టడం మానేశాను, చెప్పులు వేసుకునే కూర్చుంటున్నాను. మస్తాన్ పోయిన వారం వాంగ్మూలానికి వచ్చాడు. ఎడమ కంటికి శుక్లం ముదిరింది. షెడ్డులో ఒక్కడే ఉంటున్నాడు. పని ఎలా ఉందండీ అన్నాను, తిట్లన్నీ వరసగా వస్తాయని ఎదురుచూస్తూ.

"బానే ఉంది మేడం," అన్నాడు.

మీకు ఒంట్లో బాగుందా అని అడిగాను. కర్ర పట్టుకుని లేచాడు. ఎరుక మాత్రం సంతోషించింది. వచ్చే ఏడు వైండింగ్ పొసుగు పెరగవచ్చునంది.

ఇవాళ తాయారు వంతు. చీటీ వచ్చాక మొదటి వాంగ్మూలం. ఒళ్ళు నల్లబడింది, భుజాలు వచ్చాయి. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి, గోళ్ళ చుట్టూ చర్మం తెల్లగా నాని ఉంది. కుర్చీలో కూర్చుని నా గచ్చు వంక చూసి నవ్వింది. గోనెసంచి ఎక్కడ మేడం అంది.

కొత్త ఫారం తీశాను. పలక ఎర్రగా వెలిగింది, ఎరుక వింటోంది. తాయారు పోయిన ఏడు ఈ గదిలో అన్న మాట నాకు గుర్తుంది. తనకూ గుర్తుంటుందని నా ఆశ. ఒక్క వాంగ్మూలం చాలు. ఎరుక అప్పుడే చెప్పింది, ఒక్కటి చాలని.

"పని ఎలా ఉంది తాయారూ?"

నా పెదాల వంకే చూస్తోంది.

"పని ఎలా ఉందమ్మా?"

ముందుకు వంగింది. నేను మూడోసారి అరిచి అడిగాను. అప్పుడు అందింది. బల్ల మీద ఫారం అడుగున, ఆ పాత గడి ఉండే చోటు వైపు చూసింది. తరవాత పలక వంక చూసింది. పోలయ్య నవ్వినట్టే నవ్వింది.

"బానే ఉంది మేడం. తల్లి దయ."

మిగతా తొమ్మిది ప్రశ్నలకీ ఎరుకకు కావలసిన జవాబులు వచ్చాక పలక ఆరిపోయింది. వెళ్ళడానికి లేచినప్పుడు నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. చెప్తానన్నావు కదే అని కుడి చెవి దగ్గర అన్నాను. నాకు వినపడీ వినపడనంత మెల్లిగా చెప్పింది, తనకి తాను ఎంత మెల్లిగా మాట్లాడుతోందో తెలియదు కాబోలు.

"రేపు పొద్దున మళ్ళీ దిగాలి కదా మేడం. నూకరాజు బాబాయి, ఇంకా పది మంది."

వెళ్ళిపోయింది. బీరువాలోంచి పాత ఫారం ఒకటి తీశాను. ఇది ఎవరికీ పంపేది కాదు, ఎరుక చదివేది కాదు.

సాక్షి గమనిక. కొల్లాటి మంగతాయారు, పద్దెనిమిదేళ్ళు. ఎడమ చెవిలో దూది ఉంది. ప్రశ్న మూడుసార్లు అడగాల్సి వచ్చింది.